ఆన్‌లైన్ స్కూలు: పాఠం ఎవరిది, సర్టిఫికెట్ ఎవరిది?

మన దగ్గర ఆన్‌లైన్ స్కూల్ అని పేరు పెట్టుకున్నవాటిలో చాలావరకు చట్టం లెక్కలో స్కూళ్లే కావు. పాఠాలు చెప్పే కంపెనీలు. అలాగని అన్నీ మోసాలని కాదు. కొన్నిచోట్ల పక్కవీధి స్కూలు కంటే పాఠం బాగానే చెబుతారు. కాకపోతే పాఠం చెప్పేది ఒకరు, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది ఇంకొకరు, రేపు కౌన్సెలింగ్‌లో ఆ చదువును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని తేల్చేది మరొకరు. మామూలు స్కూల్లో ఇవన్నీ ఒకే గేటు లోపల దొరుకుతాయి కాబట్టి మనం ఎప్పుడూ విడివిడిగా ఆలోచించలేదు. ఆన్‌లైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం విడదీసి చూడక తప్పదు.

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్లున్న ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఇప్పుడు ఈ ముచ్చట వినిపిస్తోంది. పిల్ల రోజూ బస్సులో కూర్చునే సమయం హోంవర్క్ చేసే సమయం కంటే ఎక్కువైందని ఒకరు. అబ్బాయి పొద్దున, సాయంత్రం బ్యాడ్మింటన్ అకాడమీకి వెళ్లాలని ఒకరు. డిస్లెక్సియా ఉన్న పిల్లను నలభైమంది ఉన్న క్లాసులో ఎవరూ పట్టించుకోవడం లేదని ఇంకొకరు. ఫీజు కట్టలేక ఆలోచించేవాళ్లూ ఉన్నారు, పైకి చెప్పరంతే. ఇందులో ఆట, ఆరోగ్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఇవి గట్టి కారణాలే. ట్రాఫిక్ ఒక్కటే కారణమైతే ఇంటి దగ్గర చిన్న స్కూలు వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ముందు గుర్తింపు సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పత్రం లేకుండా స్కూలు నడపకూడదు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు 10 వేలు. ఆ గుర్తింపు రావాలంటే భవనం, ఆటస్థలం, లైబ్రరీ, ఇంతమంది పిల్లలకు ఇంతమంది టీచర్లు అని చట్టం షెడ్యూల్లోనే ఉంది. లాప్‌టాప్‌లో నడిచే సంస్థకు ఆటస్థలం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే వాటిలో చాలా సంస్థలు కాగితాల మీద తమను తాము ‘లెర్నింగ్ ప్లాట్‌ఫామ్’ అనో ‘హోమ్‌స్కూలింగ్ సపోర్ట్’ అనో రాసుకుంటాయి. ప్రకటనలో మాత్రం స్కూలే. పిల్లను ఇంట్లో చదివించినందుకు తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్షేమీ లేదు కాబట్టి మీరు భయపడాల్సిన పని లేదు. కొనేదేంటో తెలిసి కొంటే చాలు.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గుర్తింపు ఉన్న ప్రతి స్కూలుకూ 11 అంకెల యూడైస్ నంబరు (స్కూళ్లకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) ఉంటుంది. కర్ణాటక స్కూలైతే అది 29తో మొదలవుతుంది. ఫోన్‌లో మాట్లాడే కౌన్సెలర్‌ను ఆ నంబరు అడగండి. ‘మేము ఇంటర్నేషనల్ మేడమ్, మాకు అది వర్తించదు’ అన్నారంటే ఒక సంగతి తేలిపోయింది. నంబరు ఇచ్చారు గానీ మొదటి రెండంకెలు వేరే రాష్ట్రానివి అయితే ఇంకా జాగ్రత్త పడాలి. మీ అమ్మాయి ఇక్కడ స్క్రీన్ ముందు కూర్చుంటే, రిజిస్టర్‌లో పేరు ఎక్కడో చూడని ఊళ్లో ఉంటుందన్నమాట.

ఇంకో గుర్తు రసీదులోనే ఉంటుంది. ప్రీ స్కూల్ నుంచి 12వ తరగతి దాకా విద్యాసంస్థలు ఇచ్చే చదువుకు జీఎస్‌టీ లేదు. కోచింగ్‌కు 18 శాతం ఉంది. బిల్లులో 18 శాతం కనిపించిందంటే ఆ సంస్థ ప్రభుత్వానికి తనను తాను స్కూలని చెప్పుకోవడం లేదని అర్థం. పన్ను లేనంత మాత్రాన స్కూలైపోదు, అది వేరే సంగతి.

సీబీఎస్ఈ పేరు చెప్పి అమ్మేవాళ్లను ఇంకాస్త గట్టిగా అడగాలి. సీబీఎస్ఈ గుర్తింపు స్థలం, భవనం ఉన్న స్కూళ్లకే ఇస్తుంది. 75 శాతం హాజరు లేనిదే బోర్డు పరీక్ష రాయనివ్వదు. ప్రైవేటుగా పరీక్ష కట్టే వీలు ఫెయిలైనవాళ్లకు, మార్కులు పెంచుకునేవాళ్లకు, ఇంకా కొద్దిమందికి తప్ప లేదు. కాబట్టి ‘సీబీఎస్ఈ ఆన్‌లైన్ స్కూల్’ అంటే రెండే అర్థాలు. సిలబస్ మాత్రమే సీబీఎస్ఈది, సర్టిఫికెట్ వేరేవాళ్లది. లేదంటే ఏదో డమ్మీ స్కూల్లో పేరు రాయించి హాజరు వేయిస్తారు. ఈ రెండోదాన్ని బోర్డు ఇప్పుడు చూసీచూడనట్టు వదలడం లేదు. 2024లో ఢిల్లీ, రాజస్థాన్‌లలో ఆకస్మిక తనిఖీలు చేసి, నవంబరులో ఒకేసారి 21 స్కూళ్ల అఫిలియేషన్ రద్దు చేసింది.

మరి సక్రమమైన దారి లేదా అంటే ఉంది. ఎన్‌ఐఓఎస్. అంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ. 1989లో మొదలైన కేంద్ర ప్రభుత్వ బోర్డు ఇది. పదో తరగతికి కనీసం 14 ఏళ్లు, పన్నెండుకు 15 ఏళ్లు నిండాలి. 5 సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో, అక్టోబరు-నవంబరులో పరీక్షలు ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి రాయాల్సిన టెన్షన్ లేదు. పోటీలకని ఊళ్లు తిరిగే పిల్లలకు ఇది నిజంగా వరం. తెలుగును ఒక భాషగా తీసుకోవచ్చు, పదో తరగతి మొత్తం తెలుగు మీడియంలోనే రాయొచ్చు కూడా. బెంగళూరులో పిల్లకు తెలుగు చదవడం రాయడం రాకుండా పోతుందని బాధపడేవాళ్లు దీన్నొకసారి చూడాలి.

ఇక్కడ మనవాళ్లకు ఒక పాత భయం అడ్డం వస్తుంది. ఊళ్లో ‘ఓపెన్‌లో పది కట్టించడం’ అంటే చదువు అబ్బనివాడికి ఆఖరి దారి. అనంతపురం నుంచి అవ్వ ఫోన్ చేసి ‘ఏం నాయనా, పిల్లోన్ని ఓపెన్‌లో కట్టిస్తా ఉండారంట కదా’ అని అడిగితే కొడుకు దగ్గర జవాబుండదు. నిజానికి జవాబు ఉంది. ఎన్‌ఐఓఎస్ పన్నెండుతో జేఈఈ రాయొచ్చు. నీట్ విషయంలో కొన్నేళ్లు గొడవ నడిచింది. ఓపెన్ స్కూల్ పిల్లలను కాదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డులను జాతీయ వైద్య కమిషన్ కూడా ఒప్పుకుందని 2024లో సుప్రీంకోర్టు నమోదు చేసింది. ఆ తలుపు ఇప్పుడు తెరిచే ఉంది.

అయితే ఎన్‌ఐఓఎస్‌లో మీరే సొంతంగా చేరవచ్చు, దాని ఫీజు కూడా తక్కువే. ఆన్‌లైన్ కంపెనీ తీసుకునే పెద్ద మొత్తం అంతా పాఠం చెప్పినందుకు. ఈ రెండు అంకెలనూ కాగితం మీద వేర్వేరుగా రాయించుకోండి. ఒకటే ప్యాకేజీగా చెబితే దేనికి ఎంత కడుతున్నామో ఎప్పటికీ తెలియదు. (ఓ చిన్న పిట్టకథ: 2022 ఆగస్టులో ఢిల్లీ ప్రభుత్వం ‘దేశంలోనే తొలి వర్చువల్ స్కూల్’ అని గొప్పగా ప్రారంభించింది. మేం 2021లోనే మొదలుపెట్టాం కదా అని ఎన్‌ఐఓఎస్ వెంటనే గుర్తుచేసింది. ప్రభుత్వాల మధ్యే ‘తొలి’ అన్న మాటకు అంత విలువ ఉంటే, ప్రైవేటు కంపెనీల ప్రకటనల్లో ‘నంబర్ వన్’కు ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.)

రెండో దారి కేంబ్రిడ్జ్ లాంటి విదేశీ బోర్డులు. ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి స్థాయి), ఏ లెవెల్ (పన్నెండు స్థాయి) పరీక్షలను ప్రైవేటు అభ్యర్థిగా రాయొచ్చు. ఏదో ఒక గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రం ఒప్పుకోవాలి, అంతే. ఆన్‌లైన్ సంస్థను అడగాల్సింది అదే. ఏ కేంద్రం, ఏ ఊళ్లో, కిందటేడు మీ పిల్లలు అక్కడ రాశారా? సైన్స్ తీసుకునేవాళ్లు ప్రాక్టికల్స్ గురించి తప్పక అడగాలి. ఐజీసీఎస్ఈలో ల్యాబ్‌కు బదులు రాతపరీక్ష రాసే వీలుంది. ఏ లెవెల్ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో ల్యాబ్‌లో చేసి చూపాల్సిన పేపర్ ఉంది. పిపెట్ ఎప్పుడూ పట్టుకోని పిల్ల నేరుగా ఆ పరీక్షకు వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ల్యాబ్ ఎవరు ఇస్తారన్నదానికి ‘వర్చువల్ ల్యాబ్ ఉంది’ అని జవాబు వస్తే అది జవాబు కాదు. ఇక వెబ్‌సైట్ అడుగున మెరిసే అమెరికన్ అక్రెడిటేషన్ ముద్రలు. కాగ్నియా లాంటివి నిజమైన సంస్థలే. కానీ సంస్థ నడిపే పద్ధతి బాగుందని చెప్పే ముద్ర వేరు, ఇక్కడి యూనివర్సిటీ ఆ డిప్లొమాను పన్నెండో తరగతితో సమానంగా తీసుకోవడం వేరు. ఆ సమానత్వం తేల్చేది భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, ఏఐయూ. కౌన్సెలర్ మాట నమ్మకుండా ఏఐయూకే రాసి అడగడం మేలు.

బ్రిటన్‌లో 2023 నుంచి ఆన్‌లైన్ స్కూళ్లను ప్రభుత్వ ప్రమాణాలతో తనిఖీ చేసే పథకం నడుస్తోంది. అక్కడి స్కూళ్లను చూసే ఆఫ్‌స్టెడే వీటినీ చూస్తుంది. మన దగ్గర అలాంటిది లేదు. కాబట్టి ఆ ఇన్‌స్పెక్టర్ పని తల్లిదండ్రుల మీదే పడుతోంది.

ఇప్పుడు బెంగళూరు తెలుగువాళ్లు ఎక్కువగా గమనించని చోటికి వద్దాం. కేసెట్, అంటే కర్ణాటక ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా సీటు రావాలంటే ప్రధాన నియమం ఒకటుంది. ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (పన్నెండో తరగతి) లోపు కనీసం ఏడేళ్లు కర్ణాటకలోని ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న సంస్థల్లో చదివి ఉండాలి, పదో పన్నెండో ఇక్కడే పాసై ఉండాలి. దానికి స్టడీ సర్టిఫికెట్లు, వాటి మీద బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకం. గుర్తింపు లేని ఆన్‌లైన్ స్కూల్లో గడిపిన ఏళ్లకు బీఈఓ ఏ కాగితం మీద సంతకం పెడతారు? పిల్ల నాలుగులో ఉండగా ఈ సంగతి ఎవరికీ తట్టదు. పన్నెండులో తడుతుంది.

పోనీ సొంత రాష్ట్రానికి వెళ్దామంటే ఆంధ్ర, తెలంగాణల్లో లోకల్ లెక్క ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడే చదవడమన్నది దానికి ప్రధాన కొలమానం. బెంగళూరులో ఉండి ఆన్‌లైన్‌లో చదివిన పిల్ల ఇక్కడా లోకల్ కాక, అక్కడా లోకల్ కాక రెంటికి చెడ్డ రేవడి అయ్యే ప్రమాదం ఉంది. ఎన్‌ఐటీల్లో సొంత రాష్ట్రం కోటా మాత్రం పన్నెండు ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టి వస్తుంది. ఎన్‌ఐఓఎస్ పిల్లలకైతే స్టడీ సెంటర్ ఏ రాష్ట్రంలో ఉందో అదే సొంత రాష్ట్రం. అంటే ఆన్‌లైన్ కంపెనీ తన సౌకర్యం కోసం స్టడీ సెంటర్‌ను నోయిడాలో పెడితే కర్ణాటకలోని సూరత్‌కల్ ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం కోటా పోయినట్టే. స్టడీ సెంటర్ ఎంచుకునే పని వాళ్లకు వదిలేయకండి. ఇంజనీరింగ్, మెడిసిన్ వైపు చూపున్న ఇళ్లలోనైతే, చేర్చకముందే మల్లేశ్వరంలో కేసెట్ నడిపే కేఈఏ ఆఫీసుకు ఒకసారి వెళ్లి మీ పిల్ల చదివిన ఏళ్ల వివరాలు చూపించి అడగడం పెద్ద శ్రమేమీ కాదు.

గుర్తింపు తేలాక అసలు చదువు. దీన్ని కొలవడానికి డెమో క్లాసు అన్నిటికంటే పనికిరానిది. డెమోకు సంస్థలో మాటకారి టీచర్‌నే కూర్చోబెడతారు, యానిమేషన్ బాగుంటుంది, పిల్ల నవ్వుతుంది, మనం కార్డు తీస్తాం.

దానికి బదులు దిద్దిన నోటుబుక్కులు అడగండి. పేర్లు కొట్టేసి ఇవ్వమనండి. ఆరో తరగతి పిల్లవాడు 1/2 + 1/3 = 2/5 అని రాశాడనుకుందాం. ఒకచోట దాని పక్కన ఎర్ర ఇంటూ, కింద 5/6, ఆ కింద నవ్వే బొమ్మ, ‘గుడ్ ట్రై!’ అని ఉంటుంది. యాప్ కూడా ఇంతపని చేస్తుంది. ఇంకోచోట టీచర్ ఇలా రాసి ఉంటారు: ‘పైవి పైవి, కిందివి కిందివి కలిపేశావు. నీ జవాబు సగం కంటే ఎక్కువా తక్కువా? సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే ఎలా తగ్గింది? బొమ్మ గీసి చూసి మళ్లీ పంపు.’ తర్వాతి పేజీలో పిల్లవాడు గీసిన వంకర దీర్ఘచతురస్రం, రెండోసారి చేసిన లెక్క, దాని మీద రెండు రోజుల తర్వాతి తేదీతో టిక్కు. ఆ రెండో పేజీ ఉందా లేదా అన్నదే నేను చూసేది. తప్పును ఒక మనిషి చదివి, ఎందుకు తప్పిందో పట్టుకుని, పిల్లవాడితో మళ్లీ చేయించి, మళ్లీ చూశారు. స్కూలుకు డబ్బు కట్టేది దీనికే. గోప్యత పేరు చెప్పి ఒక్క పేజీ కూడా చూపించలేమంటే, చూపించడానికి ఏమీ లేదనుకోవడంలో తప్పులేదు.

రెండోది, మామూలు రోజు మామూలు పీరియడ్‌లో కూర్చోనివ్వమనండి. సోషల్ క్లాసు అయితే ఇంకా మంచిది, లెక్కలకు ఎలాగూ మంచి టీచర్‌నే పెడతారు. క్లాసులో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది కెమెరాలు వెలుగుతున్నాయి, టీచర్ ఎంతమందిని పేరు పెట్టి పిలిచారు, పిలిస్తే పలకని పిల్లను ఏం చేశారు. ఈ చివరిదే ముఖ్యం. మామూలు స్కూల్లో వెనక బెంచీలో నిద్రపోతే కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో నల్లటి డబ్బాలో పేరు మాత్రం ఉంటుంది, హాజరు పడిపోతుంది. రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ ఎవరు చేస్తారని అడగండి. ఆటోమేటిక్ మెసేజ్ వస్తుందంటే, రాలేదని తెలిసిన మనిషి అక్కడ ఎవరూ లేరన్నమాట.

ఇది ఊరికే అంటున్నది కాదు. అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో నడిచే ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ల మీద స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన క్రెడో అనే పరిశోధన కేంద్రం 2015లో ఒక అధ్యయనం చేసింది. అలాంటి పిల్లలే మామూలు స్కూళ్లలో చదివినదానితో పోలిస్తే వీళ్లు చదవడంలో 72 రోజుల చదువు, లెక్కల్లో 180 రోజుల చదువు వెనకబడ్డారు. అక్కడ స్కూలు ఏడాదే 180 రోజులు. అంటే లెక్కల్లో ఆ ఏడాది స్కూలుకు వెళ్లనట్టే. దాంతోపాటే వచ్చిన ఇంకో అధ్యయనంలో అసలు గుట్టు కనిపిస్తుంది. మామూలు స్కూల్లో ఒక్కరోజులో టీచర్ ముందు గడిపే సమయమే ఆ ఆన్‌లైన్ పిల్లలకు వారం మొత్తానికి దొరికింది. పిల్లలను చదువులో నిలబెట్టడమే తమకు అన్నిటికంటే కష్టమని ఆ స్కూళ్ల ప్రిన్సిపాళ్లే చెప్పారు. అక్కడి పరిస్థితి మనకు అచ్చంగా వర్తించకపోవచ్చు. లైవ్ క్లాసు వారానికి ఎన్ని గంటలు, రికార్డింగ్ ఎన్ని గంటలు అని అడగడానికి మాత్రం ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అలాగని రోజంతా స్క్రీన్ ముందు కూర్చోబెట్టినా మంచిది కాదు. 2020లో కేంద్రం ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిది దాకా రోజుకు 30-45 నిమిషాల క్లాసులు రెండుకు మించొద్దన్నాయి. తొమ్మిది నుంచి పన్నెండుకు నాలుగు. కరోనా కాలం కోసం రాసినవే అయినా వాటిని చేతిలో పెట్టుకుని టైంటేబుల్ చూడండి. రెండో తరగతి పిల్లకు పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా జూమ్ అంటే అది స్కూలు రోజును అలాగే తెచ్చి తెరమీద అతికించడమే. నిజానికి చిన్న తరగతుల్లో ఆన్‌లైన్ స్కూలు నడిపేది టీచర్ కాదు, పక్కన కూర్చునే అమ్మో నాన్నో. ఇద్దరూ ఐటీ ఉద్యోగాల్లో కాల్స్ మీద ఉండే ఇంట్లో, అయిదో తరగతి లోపు పిల్లకు ఇది కుదరదని నేను సూటిగానే చెబుతాను. పదమూడు పద్నాలుగేళ్లు దాటి, తనంతట తాను కూర్చోగలిగిన పిల్లల సంగతి వేరు.

డబ్బు దగ్గర రెండు ముక్కలు. ‘ఈ రాత్రికే సీటు బ్లాక్ చేస్తే నలభై శాతం స్కాలర్‌షిప్’ అనే స్కూలుకు పిల్లను పంపాల్సిన తొందర ఎవరికీ లేదు. నెలనెలా కట్టవచ్చు అన్నప్పుడు అది ఫీజు వాయిదానా, ఫైనాన్స్ కంపెనీ లోనా అని అడగండి. లోన్ అయితే ఏడాది మొత్తం డబ్బు ఆ సంస్థకు ముందే చేరిపోతుంది. పిల్ల మూడో నెలలో మానేసినా ఈఎంఐ మీ మెడకే, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఆటో డెబిట్ విషయంలో జాగ్రత్త అని విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. లోన్ తప్పనిసరైతే దాని ముఖ్య వివరాలన్నీ రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, మనసు మార్చుకోవడానికి కొంత గడువుండాలి. అవి ఆర్‌బీఐ నిబంధనలు. కంపెనీ పెద్దదన్న ధైర్యం కూడా పనికిరాదు. దేశంలో ఎడ్‌టెక్‌కు మారుపేరైన బైజూస్ 2024 జులైలో ఇదే బెంగళూరులోని కంపెనీల ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో దివాలా ప్రక్రియకు చేరింది.

చేర్చే రోజే వెనక్కి వచ్చే దారి కూడా చూసుకోవాలి. 14 ఏళ్ల లోపైతే ఇబ్బంది తక్కువ. స్కూలుకు వెళ్లని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ప్రైవేటు స్కూళ్లు టీసీ ఏదని నసుగుతాయి, ఓ పరీక్ష పెడతాయి, చివరికి సర్దుకుంటాయి. తొమ్మిది దాటితే అలా కుదరదు. సీబీఎస్ఈ పిల్లల పేర్లను తొమ్మిదిలో, పదకొండులో రిజిస్టర్ చేస్తుంది. గుర్తింపు ఉన్న స్కూల్లో తొమ్మిది చదవకుండా నేరుగా పదిలో చేర్చుకోదు. ఎనిమిదో తరగతి రెండో టర్మ్‌కల్లా, ఈ పిల్ల మళ్లీ సీబీఎస్ఈ స్కూలుకు వెళ్తుందా, ఎన్‌ఐఓఎస్‌లోనే పది రాస్తుందా, కేంబ్రిడ్జ్ వైపా అన్నది ఇంట్లో తేలిపోవాలి. అడ్మిషన్లు బెంగళూరులో అంతకంటే ముందే మొదలవుతాయి కాబట్టి దసరా సెలవుల్లోనే మాట్లాడుకోవడం నయం.